రుచి చూసి వద్దన్నవాడు



ఈ వారం ఒక ప్రశ్న తీసుకుంటున్నాను. ఇది ఊళ్లో ఉన్నవాళ్లు అడిగే ప్రశ్న కాదు. చదువుకోసం, ఉద్యోగంకోసం మన ఊళ్లనుంచి అమెరికాకు, యూరప్‌కు వెళ్లిన మన పిల్లలు అడిగే ప్రశ్న. నవంబరు వచ్చేసరికి అక్కడి షాపుల్లోకి క్రిస్మస్ బీరు దిగుతుంది. దాల్చినచెక్క, అల్లం, జాజికాయ, నారింజ తొక్క లాంటివి వేసి, చలికాలానికని ప్రత్యేకంగా తయారుచేసి, సీసా మీద చెట్టు బొమ్మో మంచు బొమ్మో వేసి అమ్ముతారు. స్నేహితులు నలుగురు చేరి దాన్ని రుచి చూస్తారు. "ఇది తాగడం కాదండీ పాస్టరుగారూ, రుచి చూడటం. ఏడాదికొక్కసారి, ఒక్క గ్లాసు. పేరులోనే క్రిస్మస్ ఉంది. ఇందులో తప్పేముంది?" అని అడుగుతారు.

నిజాయితీగా అడిగినదానికి నిజాయితీగానే జవాబు చెప్పాలి. నా జవాబు ముందే చెప్పేస్తాను. ఆ గ్లాసు పక్కన పెట్టమనే చెబుతాను. అయితే మన పల్లె సంఘాల్లో ఎప్పుడూ వినిపించే కారణాలతో కాదు. వాటిలో కొన్ని వాక్యం ముందు నిలబడవు. పైగా ఈ విషయంలో నా పోట్లాట సగం ఆ గ్లాసు పట్టుకున్న కుర్రవాడితో అయితే, మిగతా సగం ఆ గ్లాసును చూసీ చూడనట్టు ఊరుకునే సంఘ పెద్దలతో.

ముందు ఆ బీరు సంగతి

తెలియనిదాన్ని తిట్టడం సులువు. తెలుసుకుని మాట్లాడదాం.

బీరుకు కావలసినవి నాలుగు. నీళ్లు, మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ, హాప్స్ అనే తీగకు పూసే చేదు పువ్వులు, ఈస్టు. బార్లీలోని తీపిని వేడినీళ్లలోకి దించి, ఆ నీళ్లను హాప్స్‌తో మరిగించి, చల్లార్చి, ఈస్టు కలుపుతారు. ఈస్టు ఆ తీపిని తిని ఆల్కహాలును పుట్టిస్తుంది. చలికాలపు బీర్లకు సాధారణంగా బార్లీ ఎక్కువ వేస్తారు, కొన్నింటికి తేనెగాని చక్కెరగాని చేరుస్తారు. అందుకే వాటిలో రంగు ముదురుగా ఉంటుంది, మత్తూ ఎక్కువే. మసాలాలను తరచుగా మరుగు దించబోయే ముందు వేస్తారు, ముందే వేస్తే సువాసన ఆవిరైపోతుందని. మన ఇళ్లలో చారు దించేముందు కొత్తిమీర వేసినట్టే.

అమెరికాలో క్లీవ్‌లాండ్ నగరంలోని గ్రేట్ లేక్స్ కంపెనీ తేనె, దాల్చినచెక్క, అల్లం వేసి చేసే క్రిస్మస్ ఏల్ అక్కడ బాగా పేరున్నది. అందులో ఆల్కహాలు 7.5 శాతం. శాన్‌ఫ్రాన్సిస్కోలోని యాంకర్ కంపెనీ 1975లో మొదలుపెట్టి ఏటేటా క్రిస్మస్ బీరు చేసేది. ఏడాదికొక కొత్త పాకం, సీసా మీద ఏడాదికొక కొత్త చెట్టు. అందులో ఏ మసాలాలు వేశారో బయటికి చెప్పేవారు కాదు. స్విట్జర్లాండ్‌లో పుట్టి ఇప్పుడు ఆస్ట్రియాలో తయారవుతున్న సామిక్లౌస్ అనే బీరును ఏడాదికి ఒక్కరోజే, డిసెంబరు 6న, సెయింట్ నికొలస్ పండుగనాడు కాస్తారు. నెలల తరబడి నిలవ ఉంచి అమ్ముతారు. దాని బలం 14 శాతం. డెన్మార్క్‌లో ట్యూబోర్గ్ కంపెనీ క్రిస్మస్ బీరు నవంబరు మొదటి శుక్రవారం రాత్రి 8 గంటల 59 నిమిషాలకు విడుదలవుతుంది. జనం దానికోసం ఎదురుచూస్తూ కూర్చుంటారు. ఆ బీరు చరిత్ర ఒకసారి గమనించండి. 1980లో ఆ కంపెనీ క్రిస్మస్ శుభాకాంక్షలు చెబుతూ సినిమా హాళ్లలో ఒక బొమ్మల ప్రకటన వేసింది. అప్పటికి బీరు లేదు. ఆ ప్రకటన జనానికి నచ్చింది కాబట్టి 1981లో బీరు పుట్టింది. ముందు శుభాకాంక్ష, వెనకాలే సరుకు.

ఇక రుచి చూసే పద్ధతి. గ్లాసును వెలుతురుకు ఎత్తి రంగు చూస్తారు. నురుగు ఎంతసేపు నిలిచిందో చూస్తారు. వాసన పీల్చి ఇది లవంగమా, ఇది జాజికాయా అని గుర్తుపడతారు. గుక్క తీసుకుని నాలుక మీద తిప్పుతారు. వైను రుచి చూసేవారు చాలాసార్లు ఉమ్మేస్తారు. బీరు రుచి చూసేవారు మాత్రం సాధారణంగా మింగుతారు, చివరి చేదు గొంతు దిగేటప్పుడే తెలుస్తుందంటారు. ఈ మింగడం అన్న మాట గుర్తుంచుకోండి.

ఇందులో పనితనం ఉంది. దాన్ని నేను తక్కువ చేయను. బార్లీని, పువ్వును, సువాసనను సృష్టించినది దేవుడే.

నేను ఎత్తని వాదాలు

కానాలో ప్రభువు చేసినది పులియని రసమని మనలో కొందరు బోధిస్తారు. నేను అలా బోధించను. యోహాను 2వ అధ్యాయంలో విందు ప్రధాని అన్న మాట చదివితే, జనం మత్తుగా ఉన్నాక నాసిరకం పోసే అలవాటు గురించి అతడు మాట్లాడుతున్నాడని తెలుస్తుంది. రసం తాగితే మత్తెక్కదు కదా. మన ప్రభువు బల్ల మీద పెట్టే పులియని ద్రాక్షరసం కూడా పాతది కాదు. 1869లో థామస్ వెల్చ్ అనే అమెరికా మెథడిస్టు దంతవైద్యుడు రసాన్ని వేడిచేసి పులియకుండా నిలవ ఉంచే పద్ధతి కనిపెట్టాకే అది సంఘాల్లోకి వచ్చింది. మంచి ఏర్పాటే. కాని దాన్ని అపొస్తలుల ఆచారమని చెప్పకూడదు.

మార్టిన్ లూథర్ బీరు తాగాడు. ఆయన భార్య కాథరీనా విట్టెన్‌బర్గ్‌లో ఇంట్లోనే బీరు కాచేది. ఇది చరిత్ర, దాచేది కాదు. అదే లూథర్ తన ప్రజల తాగుబోతుతనాన్ని ప్రసంగాల్లో గట్టిగా ఖండించాడు. ఇదీ చరిత్రే. మొదటి సంగతి గుర్తున్నవాళ్లకు రెండోది ఎందుకు గుర్తుండదో నాకు అర్థం కాదు.

ద్రాక్షారసం మనిషి హృదయానికి సంతోషమిచ్చేదని 104వ కీర్తన ఒప్పుకుంటుంది. వాక్యం మత్తును ఖండిస్తుంది, ప్రతి గుక్కనూ కాదు. కాబట్టి ఒక గ్లాసు బీరు రుచి చూసిన బిడ్డను నేను నరకపాత్రుడని అనను. దేవుడు గీయని గీతను నేను గీస్తే అది పరిశుద్ధత కాదు, పరిసయ్యతనం.

"క్రిస్మస్ బీరు అన్యుల ఆచారం" అనే వాదం కూడా నేను ఎత్తను. ఎందుకంటే కథలో సంఘం చెయ్యి ఉంది. నార్వేలో పదో శతాబ్దంలో హాకోన్ అనే రాజు అక్కడి యూల్ అనే చలికాలపు పండుగను క్రిస్మస్‌తో కలిపి, ప్రతి ఇంటివాడూ ఇంత ధాన్యంతో బీరు కాచాలని చట్టం చేశాడని పాత కథనాలు చెబుతాయి. తర్వాతి గులాటింగ్ చట్టంలో ఇంకా స్పష్టంగా ఉంది. క్రిస్మస్ రాత్రి ఆ బీరును క్రీస్తు పేరున, మరియ పేరున ఆశీర్వదించాలి. కాయనివాడు బిషప్పుకు జరిమానా కట్టాలి. మూడేళ్లు వరుసగా మానేస్తే ఆస్తి పోతుంది, సగం రాజుకు, సగం బిషప్పుకు. అంటే బీరు కాయకపోతే జరిమానా వసూలు చేసినది సంఘమే!

దీనికి పూర్తిగా ఎదురు దిక్కున, 1659లో అమెరికాలోని మసాచుసెట్స్ కాలనీవాళ్లు అసలు క్రిస్మస్ జరుపుకుంటేనే అయిదు షిల్లింగుల జరిమానా అన్నారు. ఆ రోజున జరిగే తాగుడు, అల్లరి కూడా వాళ్ల కోపానికి ఒక కారణం. 1681లో ఆ చట్టం తీసేశారు. ఒకచోట తాగనివాడికి జరిమానా, ఇంకోచోట పండుగ చేసుకున్నవాడికి జరిమానా. రెండూ క్రైస్తవులు చేసిన చట్టాలే. రెండింటిలోనూ పశువుల తొట్టెలో పడుకున్న శిశువు కనిపించడు.

ఈ చరిత్రనుంచి ఒక్క పాఠం మాత్రం తీసుకుంటాను. పానీయం పండుగకు గుర్తుగా మారితే, దాన్ని ముట్టనివాడు పండుగకు బయటివాడవుతాడు. ఇప్పుడు జరిమానా లేదు, నిజమే. కాని అందరి చేతుల్లో గ్లాసు ఉన్న గదిలో ఖాళీ చేతులతో నిలబడినవాడిని అడిగి చూడండి, అతడు ఏం కడుతున్నాడో చెబుతాడు.

మసాలా చేసే పని

ఇప్పుడు కొలత పట్టుకుందాం. క్లీవ్‌లాండ్ బీరు సీసా 355 మిల్లీలీటర్లు. 7.5 శాతం అంటే అందులో ఆల్కహాలు దాదాపు 27 మిల్లీలీటర్లు. మన దగ్గర అమ్మే విస్కీ, బ్రాందీలు 42.8 శాతం. 60 మిల్లీలీటర్ల పెగ్గులో ఆల్కహాలు దాదాపు 26 మిల్లీలీటర్లు. అంటే దాల్చినచెక్క వాసన వేసే ఆ క్రిస్మస్ సీసా ఒక పెగ్గుకు సమానం, కాస్త ఎక్కువే. 14 శాతం ఉన్న సామిక్లౌస్ 330 మిల్లీలీటర్ల సీసా అయితే రెండు పెగ్గులకు కొంచెం తక్కువ. మన ఊళ్లో కూలి మనిషి సాయంత్రం కొనుక్కునే క్వార్టరు సీసా 180 మిల్లీలీటర్లు, అంటే మూడు పెగ్గులు. ఈ లెక్క గుర్తుంచుకోండి, కాసేపట్లో మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

మసాలా ఆ ఆల్కహాలును తగ్గించదు. దాని ఘాటును కప్పుతుంది. తేనె, దాల్చినచెక్క, నారింజ తొక్క కలిసేసరికి నాలుకకు అది పండుగ పిండివంటలా తోస్తుంది. ఎంత బలమైనదో నాలుక చెప్పదు, కాళ్లు చెబుతాయి. "వెచ్చగా ఉంటుంది" అనేది రెండో ముసుగు. ఆల్కహాలు చర్మం కింది రక్తనాళాలను వెడల్పు చేస్తుంది, వెచ్చటి రక్తం పైకి వస్తుంది, ఒళ్లు వెచ్చబడినట్టు అనిపిస్తుంది. నిజానికి ఆ దారినే లోపలి వేడి బయటికి పోతుంది. చలిలో తాగినవాడు వెచ్చగా ఉన్నాననుకుంటూనే చల్లబడతాడు. ఇది ప్రసంగంకోసం కల్పించిన ఉపమానం కాదు, శరీరం పనిచేసే తీరు.

సామెతల గ్రంథం 23వ అధ్యాయం 30వ వచనం తీసి చదవండి. అక్కడ జ్ఞాని పేరుపెట్టి చెప్పింది వట్టి ద్రాక్షారసం గురించి కాదు, కలిపిన ద్రాక్షారసాన్ని వెతుక్కుంటూ వెళ్లేవాళ్ల గురించి. సువాసన ద్రవ్యాలు కలిపి రుచి పెంచిన పానీయం ఆ కాలంలోనూ ఉంది. తర్వాతి వచనంలో ఆయన హెచ్చరిక ఏ వరసలో నడుస్తుందో చూడండి. మొదట దాని రంగు, తర్వాత పాత్రలో దాని తళతళ, ఆ తర్వాత గొంతులో దాని నునుపు. ఇప్పుడు రుచి చూసేవాళ్లు నేర్పే వరసా ఇదే! ఆ జ్ఞానికి ఈ పద్ధతి తెలియక తిట్టలేదు. బాగా తెలిసే హెచ్చరించాడు. అంత శ్రద్ధగా చూస్తున్నవాడికి ఆ వరస చివర పాములాంటి కాటు ఉందని 32వ వచనంలో చెప్పాడు.

రెండు తూనికరాళ్లు

ఇక అసలు సంగతికి వస్తాను. పెద్దలారా, ఈ భాగం మీకు.

మన సంఘాల్లో కూలి పని చేసే సహోదరుడు శనివారం క్వార్టరు తాగితే ఏం జరుగుతుంది? ఆదివారం ఉదయానికే పెద్దలకు కబురు అందుతుంది. ప్రభువు బల్లకు అతన్ని దూరం పెడతారు. అందరి ముందూ నిలబెట్టి ఒప్పుకోమంటారు. అతని భార్య తల వంచుకుని వెనక కూర్చుంటుంది. అతని పిల్లలను బడిలో తాగుబోతోడి పిల్లలంటారు.

అదే సంఘంలో పెద్దమనిషి కొడుకు విదేశంలో డిసెంబరు నెలంతా వారానికొక కొత్త క్రిస్మస్ బీరు పట్టుకుని ఫోటో పెడతాడు. కింద రాస్తాడు, ఇందులో లవంగం ముందు తెలుస్తుంది, జాజికాయ చివర్లో తెలుస్తుంది అని. మూడు సీసాలు ముగిసేసరికి అతను తాగినది క్వార్టరు కన్నా కొంచెం ఎక్కువే. ఇందాకటి లెక్క ఇందుకే చెప్పాను. అయినా అతన్ని ఎవరూ బల్లకు దూరం పెట్టరు. సెలవులకు వస్తే ముందు వరుసలో కుర్చీ వేస్తారు. క్రిస్మస్ ఆరాధనలో సాక్ష్యం చెప్పమంటారు. మందిరం పైకప్పుకు అతను పంపిన డబ్బు సంగతి పేరుపెట్టి చదువుతారు.

ఒకడు చేస్తే తాగుడు, ఇంకొకడు చేస్తే రుచి చూడటం. ఒకడిది పాపం, ఇంకొకడిది అభిరుచి. ఒకడు తాగేది బెల్టుషాపు వెనక నిలబడి, ఇంకొకడు తాగేది సోఫాలో కూర్చుని. అంతకుమించి తేడా ఏమిటో నాకు చూపించండి. వేర్వేరు తూనికరాళ్లు, వేర్వేరు కొలతలు యెహోవాకు హేయమని సామెతలు 20:10 చెబుతుంది. అది కిరాణా కొట్టుకు మాత్రమే రాసిన మాట కాదు. బంగారు ఉంగరం పెట్టుకుని వచ్చినవాడికి మంచి చోటు, దరిద్రుడికి పాదపీఠం దగ్గర చోటు ఇచ్చే సంఘాన్ని యాకోబు తన పత్రిక రెండో అధ్యాయంలో ఎలా నిలదీశాడో చదవండి.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా దుకాణాన్ని అడ్డుకున్న ఆడవాళ్లు పెద్ద చదువులు చదివినవాళ్లు కారు. రాత్రిబడిలో అక్షరాలు దిద్దుకుంటున్న కూలి స్త్రీలు. ఇంటికి రావలసిన కూలి డబ్బు ఎక్కడికి పోతోందో వాళ్లకు తెలుసు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1995లో మద్యనిషేధం వచ్చింది. 1997లో దాన్ని సడలించారు. చట్టం వచ్చి పోయింది గాని ఆ తల్లుల ప్రశ్న పోలేదు. ఒకడి సరదాకు ఇంకెవరు ఖరీదు కడుతున్నారు అన్నదే ఆ ప్రశ్న. సీసా మీద చెట్టు బొమ్మ ఉన్నంతమాత్రాన ఆ ప్రశ్నకు జవాబు దొరకదు.

కాబట్టి పెద్దలారా, రెండిట్లో ఒకటి చేయండి. ఒక్క గ్లాసు తప్పు కాదని విదేశంలో ఉన్నవాడికి చెబితే, ఆ మాటే కూలి సహోదరుడికీ చెప్పండి. లేదా కూలి సహోదరుణ్ణి మానమని అడిగితే, అదే నోటితో మీ అబ్బాయినీ అడగండి. నేను రెండోదే కోరతాను. ఏదైనా సరే, తూనికరాయి ఒకటే ఉండాలి.

"బలహీనుడి కోసం నేనెందుకు మానాలి?"

ఇప్పుడు మళ్లీ మన పిల్లల వైపు తిరుగుతాను. మీలో ఒకరు తప్పకుండా అడుగుతారు. "ఎవరికో చక్కెర జబ్బు ఉందని ఊరంతా అరిసెలు మానేస్తుందా? అతని బలహీనత అతనిది."

ఊరంతా మానదు, నిజమే. కాని చక్కెర జబ్బున్న తండ్రి ఇంట్లో కొడుకు ఏం చేస్తాడు? ఆయన ఎదురుగా కూర్చుని అరిసె తింటూ, బెల్లం పాకం ఎంత బాగా కుదిరిందో వర్ణించడు. ఏ చట్టమూ అతన్ని ఆపలేదు. ప్రేమ ఆపింది. సంఘం అంటే ఊరు కాదు, ఇల్లు. రోమా 14:21లో పౌలు మాట్లాడింది ఇంటి మాటే. మాంసమైనా ద్రాక్షారసమైనా, నా సహోదరుడికి అడ్డుబండ అయ్యేదాన్ని నేను మానడం మంచిదన్నాడు. తినే హక్కు తనకు లేదని అనలేదు. ఉన్న హక్కును వదులుకున్నాడు.

ప్రతి సంఘంలోనూ ఒక మనిషి ఉంటాడు. పది పదిహేనేళ్లు తాగి, ఇంటిని దాదాపు ముంచి, ప్రభువు కృపతో మానినవాడు. మానాక వచ్చే మొదటి క్రిస్మస్ అతనికి కొండ ఎక్కినంత కష్టం. పండుగలనాడే తాగడం అలవాటు కాబట్టి, పండుగ వస్తోందంటేనే గొంతు ఎండుతుంది. మీరు ఫోటో పెట్టిన ఆ గ్రూపులో అతని నంబరు కూడా ఉంది. మీరు రాసిన రుచి వర్ణన అతను చదువుతాడు. మీకు ఒక్క గ్లాసు ఒక్క గ్లాసే. అతనికి మొదటి గ్లాసు అనేదే లేదు, ఉన్నది చివరి గ్లాసు, అది దాటి వచ్చాడు. రుచి చూసి ఆగగలగడం మీకున్న బలం. ఆ బలం మీకు ఎందుకు ఇవ్వబడింది? బలహీనుణ్ణి మొయ్యడానికా, అతని ఎదుట ఆడి చూపించడానికా?

విదేశంలో మీ పక్కన గ్లాసు పట్టుకున్నవాళ్లలో కూడా ఇలాంటి మనిషి ఉండవచ్చు. ఖాళీ చేతులతో నిలబడ్డ మొదటివాడు మీరైతే, రెండోవాడిగా నిలబడటానికి అతనికి ధైర్యం వస్తుంది. ఒక క్రైస్తవుడు ఆ గదిలో చేయగల ఉపకారం అదే. దానికి ప్రసంగం అవసరం లేదు.

బేత్లెహేములో బోళం, గొల్గొతాలో బోళం

ఇంతవరకూ చెప్పినది సహోదర ప్రేమ గురించి. ఇప్పుడు ప్రభువు గురించి చెప్పి ముగిస్తాను. రుచి చూడటం అనే మాట ఆయన కథలో ఎక్కడ వస్తుందో మీకు తెలుసా?

క్రిస్మస్ కథలో పరిమళ ద్రవ్యాలు మొదటినుంచీ ఉన్నాయి. తూర్పు జ్ఞానులు బంగారం, సాంబ్రాణి, బోళం తెచ్చారు. బోళం ఒక చెట్టు బంక, మంచి వాసన, చేదు రుచి. ఆ బోళం సువార్తల్లో మళ్లీ కనిపించేది సిలువ దగ్గర. మార్కు 15:23 ప్రకారం సైనికులు ఆయనకు ఇవ్వజూపింది బోళం కలిపిన ద్రాక్షారసం. మత్తయి 27:34 దాన్ని చేదు కలిపినదని చెబుతూ ఒక మాట ఎక్కువ చెబుతుంది. ఆయన దాన్ని రుచి చూశాడు. రుచి చూసి, తాగనొల్లలేదు.

అలాంటి పానీయం నొప్పిని మొద్దుబార్చడానికి ఇచ్చేవారని వ్యాఖ్యాతలు చాలామంది చెబుతారు. మేకులు దిగబోతున్న మనిషికి అది దయే కావచ్చు. ఆయన ఎందుకు వద్దన్నాడు? ద్రాక్షారసం ముట్టనివాడు గనుక కాదు. ఆయన విందులకు వెళ్లాడు, తిండిపోతు, మద్యపాని అని నిందపడ్డాడు (మత్తయి 11:19). చివరి ఘడియలో దాహంతో పుల్లని ద్రాక్షారసం పుచ్చుకున్నాడు కూడా (యోహాను 19:30). కాని ఈ కలిపిన గిన్నెను మాత్రం తోసేశాడు. మన భారం మోసే గంటల్లో మొద్దుబారి ఉండటానికి ఆయన ఇష్టపడలేదు. తండ్రి ఇచ్చిన గిన్నెను పూర్తి మెలకువతో తాగాలి కాబట్టి, సైనికులు ఇచ్చిన గిన్నెను రుచి చూసి వద్దన్నాడు. ఆ మెలకువలోనే పక్కన వేలాడుతున్న దొంగ మాట విన్నాడు. ఆ మెలకువలోనే తల్లిని శిష్యుడికి అప్పగించాడు. తనను మేకులతో కొట్టినవాళ్లకోసం ప్రార్థించాడు.

నాయనలారా, అమ్మలారా, రుచి చూడటం గురించి మీరు నన్ను అడిగారు. లోకం రుచి చూడటమంటే ఏమంటుంది? పీల్చడం, తిప్పడం, మింగడం, మార్కులు వేయడం, ఇంకో సీసా తెరవడం. ప్రభువు రుచి చూడటం వేరు. నాలుకతో తెలుసుకుని, ఎదుట ఉన్న మనుషుల్ని తలచుకుని, వద్దనడం. క్రిస్మస్‌లో పుట్టినవాడి పేరు ఆ సీసా మీద ఉంది కాబట్టి, ఆయన ఏం చేశాడో చూసే నిర్ణయించుకోండి.

పండుగ కథలో ఉన్నవాళ్లంతా మెలకువగా ఉన్నవాళ్లే. గొర్రెల కాపరులు రాత్రివేళ మందను కాస్తున్నారు. జ్ఞానులు ఆకాశం చూస్తున్నారు. యోసేపు కలనుంచి లేచి, ఆ రాత్రే తల్లినీ బిడ్డనూ తీసుకుని ఐగుప్తుకు బయలుదేరాడు. తాగి పడుకున్నవాడైతే ఆ రాత్రి హేరోదు సైనికులు వచ్చేసరికి ఇంకా గురక పెడుతుండేవాడు. మెలకువ క్రిస్మస్‌కు ఆభరణం కాదు, ఊపిరి. దాన్ని మొద్దుబార్చేదేదీ, ఎంత సువాసన వేసినా, క్రిస్మస్ పేరుకు తగదు.

ఇక చేయవలసింది. విదేశంలో ఉన్న పిల్లలూ, గ్లాసు ఇస్తే నవ్వుతూ వద్దనండి. తాగేవాళ్లను తీర్పు తీర్చకండి, ప్రసంగం చేయకండి, అక్కడినుంచి పారిపోకండి. ఎవరికైనా ఇంటికి దింపేవాడు కావలసివస్తే తాళాలు మీ చేతిలో ఉండాలి. గ్రూపుల్లో ఆ ఫోటోలు మానండి. మసాలాల మీద మనసుపడితే వాటికి బీరే అక్కరలేదు. యాలకులు మన పడమటి కనుమల పంట, దాల్చినచెక్క సింహళపుది, లవంగాలూ జాజికాయా ఇండోనేషియా దీవులవి. బీరు సీసాల్లోకి వెళ్లకముందే అవి మన వంటింట్లో ఉన్నాయి. క్రిస్మస్ ముందు రాత్రి ఇల్లిల్లూ తిరిగి పాటలు పాడే మన యువకులకు చలిలో గుమ్మం దగ్గర ఇచ్చే అల్లం టీ, యాలకుల టీ ఎప్పుడూ ఎవరినీ తూలనివ్వలేదు. ఆ టీ తాగడానికి నిన్న తాగుడు మానినవాడూ చెయ్యి చాపవచ్చు, అతని భార్య భయపడకుండా పక్కన నిలబడవచ్చు.

సంఘ పెద్దలారా, ఈ క్రిస్మస్‌కు ప్రభువు బల్ల దగ్గర ఒకే కొలత పెట్టండి. విదేశంనుంచి వచ్చినవాడికీ, పొలంనుంచి వచ్చినవాడికీ ఒకటే మాట చెప్పండి, ఒకటే కన్నీటితో చెప్పండి. తాగి పడినవాణ్ణి నిలబెట్టి అవమానించడానికి కాక, చెయ్యి పట్టి లేపడానికి మొదట మీరే వెళ్లండి.

రుచి చూసి వద్దన్న ప్రభువు మనలను మెలకువగా కాపాడును గాక. ఆమేన్.

మీ ఊరి కాపరి